వెనక కూర్చున్న మనిషి

మే నెలలో కొత్తగూడెం ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున పదింటికే ఒకాయన భార్య రెక్క పట్టుకుని నా గదిలోకి నడిపించుకొచ్చాడు. ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. చిన్న కూతురి పెళ్లి పిలుపులకు ఇద్దరూ బండి మీద బయల్దేరి అప్పటికి నాలుగో రోజు. సుజాతనగర్, జూలూరుపాడు, ఏన్కూరు, తల్లాడ, ఖమ్మం, మళ్లీ ఇల్లెందు మీదుగా ఇంటికి. దారి పొడుగునా చుట్టాలే. పత్రిక ఆయన చేతికిస్తే సరిపోదు, ఆడమనిషి గడప దాటి లోపలికి వెళ్లి బొట్టు పెడితేనే అది పిలుపు. అందుకని ఆవిడ వెనక కూర్చోక తప్పదు.

వణుకుతో జ్వరం, వాంతులు. ఎప్పట్నుంచి అని నేను అడిగింది ఆయన్నే. "ఎండదెబ్బ సారూ" అన్నాడు. మలేరియా పరీక్ష చేయించాను. అడవి అంచున ప్రాక్టీసు చేసేవాళ్ల చెయ్యి ముందు అటే పోతుంది. ఏజెన్సీ ఊళ్లో ఒక రాత్రి ఆరుబయట పడుకుని వచ్చిన మనిషికి వారం, రెండు వారాల తర్వాత జ్వరం రావడం మాకు మామూలే. కానీ ఇది అది కాదు. వీపు కుడి పక్కన, పక్కటెముకల కింద మెల్లగా తట్టగానే ఆవిడ కేక పెట్టింది. మూత్రంలో చీము. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది.

ఆయన మందులు తేవడానికి వెళ్లాక అడిగాను, "నీళ్లు బాగా తాగుతున్నావా అమ్మా?" అని.

"తాగితే తోవలో ఎక్కడికి పోవాలి సారూ?"

మూడు రోజులు ప్రతి ఇంట్లోనూ మజ్జిగ గ్లాసు పెదవికి ఆనించి కింద పెట్టేసిందట. పిలుపుకని వెళ్లిన ఇంట్లో కాలు పెడుతూనే బాత్రూము ఎక్కడని అడగడం నామోషీ. ఆయన మాత్రం చెట్టు కనిపించిన చోట బండి ఆపుకుంటూ వచ్చాడు. ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే దారి నాలుగు సెంటీమీటర్లే ఉంటుంది. సూక్ష్మజీవులు లోపలికి చేరడం తేలిక. మాటిమాటికీ మూత్రం పోస్తుంటే అవి కొట్టుకుపోతాయి. తాగకుండా, పోకుండా గంటల తరబడి బిగబట్టుకుంటే అక్కడే పెరిగి పైకి ఎక్కుతాయి. ఈ సంగతి తెలియని డాక్టరు ఉండడు. అయినా బండి దిగి వచ్చిన ఎన్ని జంటలను చూశానో, దాదాపు ప్రతిసారీ నడిపినవాడి నడుం నొప్పి, నడిపినవాడి షుగరు గురించే అడిగాను. ఆవిడ గోడవారన స్టూలు మీద సంచి పట్టుకుని కూర్చునేది. ఆ తప్పు నాది.

ఆ రోజే పాల్వంచ వైపు నుంచి అంతకుముందు వచ్చిన ఒక పెద్దమ్మ గుర్తొచ్చింది. అరవై దాటాయి. మతిమరుపు వచ్చిందని కొడుకు తీసుకొచ్చాడు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, పగలంతా నిద్ర, నడిస్తే ఒక పక్కకు ఒరుగుతోంది. వయసు మీద పడిందని ఇంట్లో సరిపెట్టుకున్నారు. ఎక్కడైనా పడిందా అంటే కొడుకు లేదన్నాడు, భర్త లేదన్నాడు. ఆవిడే కాసేపటికి మెల్లగా అంది: "మామిడికాయలు తెచ్చిన రోజు బండి మీంచి జారాను గదా."

మొగుడూ పెళ్లాలు బిడ్డ అత్తగారింటికి పోయి వస్తున్నారు. మసక చీకటి, ఒళ్లో మామిడికాయల సంచి, ఒక పక్కకు కూర్చున్న మనిషి. స్పీడ్ బ్రేకరు మీద బండి ఎగిరింది. ఆవిడ కింద ఉంది, బండి ముందుకు పోయింది. బరువు తగ్గినట్టయి వెనక్కి చూస్తే గానీ ఆయనకు తెలియలేదు. అప్పటికే ఆవిడ లేచి చీర దులుపుకుని కాయలు ఏరుకుంటోంది. పడటం ఆయన కంటపడలేదు కాబట్టి ఆయన లెక్కలో ఆవిడ పడనే లేదు.

వయసుతో పాటు మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. పుర్రెకూ దానికీ మధ్య సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే ఒకటి తెగి, నెత్తురు వారాల తరబడి ఊరుతూ మెదడును నొక్కుతుంది. స్కానుకు ఖమ్మం పంపించాను. పుర్రెకు రంధ్రాలు చేసి ఆ నెత్తురు తీసేశారు. వారానికి ఆవిడ కొడుకును అడిగిన మొదటి మాట, ఆ కాయలు పచ్చడి పెట్టారా అని. అందరి కథా ఇట్లా ముగియదు. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో పోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లని రోడ్డు రవాణా శాఖ లెక్క.

చట్టం వెనకావిడను మర్చిపోలేదు. నాలుగేళ్లు దాటిన ప్రతి మనిషీ బండి మీద హెల్మెట్ పెట్టుకోవాలంటుంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆసరా, బట్టలు ఇరుక్కోకుండా వెనక చక్రానికి కనీసం సగం దాకా అడ్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో రాసి ఉంది. కొత్త బండికి అందం తగ్గిందని ఆ చీర గార్డు విప్పించేసే కుర్రాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

కిడ్నీ జ్వరం తగ్గాక ఆ బాయి పెద్దాయనతో ఈ మాటే ఎత్తాను. "టోపీ, బత్తి లేకుండా ఒక్కనాడు బాయిలోకి దిగలేదు సారూ" అన్నాడు గర్వంగా. "మరి ఆవిడకేదీ?" అన్నాను. ఆయన భార్య వైపు చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

ఐదు రోజుల సూదిమందు అయ్యింది. ఇంకా పదకొండు పత్రికలు మిగిలాయి, అన్నీ దుమ్ముగూడెం, చర్ల వైపే. ఫోన్లో పిలవమన్నాను. "మా ఆడపడుచు ఈ జన్మలో రాదు" అందావిడ. ఇంకో వారం ఆగాక, బండి మీద కాదు, బస్సులో అయితే వెళ్లమన్నాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. బస్టాండులో ఆగినప్పుడల్లా బాత్రూముకు వెళ్లమని, సీసాడు నీళ్లు సాయంత్రానికి ఖాళీ చేయమని మరీమరీ చెప్పాను.

ఆవిడ ఆధార్ కార్డు, కుంకుమ భరిణె పట్టుకుని భద్రాచలం బస్సెక్కింది. ఆయన బండి మీద వెనకాలే వెళ్లాడు. బస్సు పోని ఊళ్లకు రోడ్డు మొగదల నుంచి ఆఖరి మూడు నాలుగు కిలోమీటర్లు ఆయనే దింపాలి. బండి అద్దానికి కొత్త హెల్మెట్ ఒకటి వేలాడుతోందని మా కాంపౌండరు చెప్పాడు.