దడ పుట్టిన గంటలో ఏ నిర్ణయమూ వద్దు

ఇవాళ పురుగు గురించి కాదు, పురుగు కనపడ్డ గంటలో మన బుర్రకి ఏమవుద్దో రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2021 చివర్లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చిన సంగతి ఎవరూ మర్చిపోయి ఉండరు. పూతకి పూత రాలిపోతుంటే చేలో నిలబడ్డవాడికి కాలూ చెయ్యీ ఆడలేదు. అక్కణ్ణుంచి నేరుగా పురుగుమందుల షాపుకే. ఏ డబ్బా చూపిస్తే అది తెచ్చి, రెండు మూడు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టినవాళ్ళు ఎంతమందో. పురుగేమో పూల లోపల దాక్కుని ఉంది. దాన్ని తినే మిత్రపురుగులు మాత్రం పోయాయి. వాళ్ళంతా తెలివి లేనివాళ్ళా? మామూలు రోజున అదే మనిషి పది రూపాయల తేడాకి నాలుగు షాపులు తిరుగుతాడు.

భయం తగలగానే కిడ్నీల మీద ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ వదుల్తాయి. గుండె దడ, నోరెండటం, అరచేతుల్లో చెమట దాని పనే. కార్టిసాల్ అని ఇంకోటి ఉంది, అది నిదానంగా ఎక్కి 20, 30 నిమిషాలకి గట్టిగా ఉంటది. దిగటానికి ఇంకా టైం పడుద్ది. పాము ఎదురైతే ఎగిరి దూకటానికి ఇవి బాగా పనికొస్తాయి. లెక్కలెయ్యటానికి పనికిరావు. ముందూ వెనకా ఆలోచించే మెదడు భాగం నుదుటి వెనకాల ఉంటది, ఆ కాసేపు దాని జోరు తగ్గుద్ది. ఎదురుగా ఉన్నదొక్కటే కనపడుద్ది. కోపం కూడా అప్పుడే వస్తది, అదీ ఇంట్లోవాళ్ళ మీదే. అప్పిచ్చినాయన మీద అరిచినోణ్ణి నేనైతే చూళ్ళేదు.

అందుకే నాదొక పద్ధతి. పురుగు చూసిన రోజు షాపుకి పోను. నాలుగు పూలు, ఆకులు కవర్లో వేసి, ఎన్ని మొక్కలు చూస్తే ఎన్నిటికి ఉందో చీటీ రాసి, అన్నం తిని పడుకుంటా. తెల్లారి వ్యవసాయ అధికారికి చూపిస్తా. ఒక్క రాత్రికి చేను ఎటూ పోదు. అప్పు నోటు మీద సంతకమైనా తెల్లారాకే.

ఇక అసలు రాయాలనుకున్నది. రేటు పడిపోయిన రోజు, నలుగురిలో మాట పడ్డ రోజు, ఇదే దడ. చచ్చిపోదామన్న తలపు చాలామందికి ఆ కాసేపు ఉధృతంగా ఉండి తర్వాత తగ్గుద్దని డాక్టర్లు చెప్తారు. ఆ కాసేపట్లో మందు చేతికందకపోతే మనిషి మిగుల్తాడు. కాబట్టి పురుగుమందు ఇంట్లో ఉంచొద్దు. అవసరమైనంతే కొనండి. మిగిలింది పెట్టెలో పెట్టి తాళమేసి, చెవి ఇంకొకరికి ఇవ్వండి. మా పెట్టె చెవి మా ఆవిడ దగ్గరే ఉంటది, ఎందుకు కావాలో చెప్పందే ఇవ్వదు.

పక్క చేను ఆయన నాలుగు రోజులుగా మాట తగ్గిస్తే ఒంటరిగా వదలొద్దు. దగ్గర కూర్చుని సూటిగా అడగండి, చావాలనిపిస్తోందా అని. అడిగితే లేని తలపు పుట్టదు. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళది 14416 నంబరు ఉంది, డబ్బులు పడవు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. మా మందుల పెట్టె మూత మీద ఆ నంబరు పెయింటుతో రాసిపెట్టా.