నిద్రమాత్రయు మెదడును

నిద్రమాత్ర మ్రింగినవారిని చూచి, మందే మెదడును మత్తులో ముంచినదని మనమనుకొందుము. అది సగము మాటయే. తన్ను తాను శాంతపరచుకొను ఏర్పాటు మెదడునకు సహజముగనే కలదు. మాత్ర దానికి తోడుపడుచున్నది, అంతియే.

నాడీకణములన్నియు ఒకదానినొకటి రెచ్చగొట్టుచునే యుండినచో మూర్ఛలు తప్పవు. అందులకై కొన్ని కణములు గామా అమైనో బ్యూటిరిక్ ఆమ్లమను పదార్థమును వెలువరించును. 1950లో దీనిని మెదడునందు కనుగొనిరి. శాస్త్రజ్ఞులు సంగ్రహముగా 'గాబా' అందురు. ఆ పేరు వినగనే మాకు పెరటిలోని కుడితి గాబు జ్ఞప్తికి వచ్చినది!

పొరుగు కణముపై దీని నందుకొను గ్రాహకములు గలవు. వానిలో ముఖ్యమైన 'ఏ' తరగతి గ్రాహకము ఐదు మాంసకృత్తులు వలయముగా కూడి యేర్పడినది. నడుమ చెరువు తూమువంటి సన్నని దారి. గాబా తగులుకొనగనే తూము తెరచుకొని క్లోరైడు అయానులు లోనికి వచ్చును. అవి ఋణవిద్యుత్తు గలవి గనుక, పెద్దల మెదడులో ఆ కణము ఉద్రేకించుట కష్టమగును. కన్ను మూసి తెరచునంతలో ఇదంతయు జరిగిపోవును.

1963లో వాలియమను పేర అంగడికి వచ్చిన డయాజిపామును, దాని జాతి మాత్రలును తమంత తాము ఈ తూమును తెరవలేవు. గ్రాహకముపై వేరొకచోట కూర్చుండి, గాబా వచ్చినపుడు తూము మాటిమాటికి తెరచుకొనునట్లు చేయును. ఆ చోటును 1977లో గుర్తించిరి. అంతకు పూర్వపు బార్బిటురేటులు అట్లు కాదు. అవి తూమును ఎక్కువసేపు తెరచియుంచును. మోతాదు మించినచో గాబా లేకయే తెరచును. వానివలన ఊపిరి నిలిచి ఎందరో మరణించిరి. క్రొత్త మాత్రలు కొంత మేలు గాని, మద్యముతో గాని నల్లమందు జాతి మందులతో గాని కలసినచో ఇవియు ఊపిరి తీయగలవు.

మా పినతల్లిగారు బాబాయిగారు పోయిన పిదప, పదునైదు దినములకని వైద్యుడు వ్రాసియిచ్చిన ఆల్ప్రజోలాము మాత్రను ఆరేండ్లు వాడిరి. "ఇది లేనిదే కన్ను మూతపడదే అమ్మాయీ" అనెడివారు. రాత్రివేళ లేచి తూలి రెండుమారులు పడిరి. అంతట బంధువొకరు మాత్రలను ఆనాడే పెంటపై పారవేయుమనిరి. మేము అడ్డుపడితిమి. దినదినము మందు వచ్చుచుండగా గ్రాహకములు దానికి అలవాటుపడి, గాబా మాటకు లోనగుట తగ్గును. మందును హఠాత్తుగా తీసివేసినచో మెదడునకు కళ్లెము సడలి, వణకు, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు మూర్ఛయు వచ్చును. వేరొక వైద్యుడు మాసముల తరబడి కొద్దికొద్దిగా మోతాదు తగ్గించెను.

ఆ మొదటి వారములు కఠినమైనవి. అర్ధరాత్రి దాటినను ఆమెకు నిద్ర లేదు. మేమును ప్రక్కన కూర్చుండి చింతపండు గింజ తీయుచుంటిమి. ఏడాదికి సరిపడు చింతపండు ఆ రాత్రులలోనే సిద్ధమైనది. ఇప్పుడామె పదకొండింటికి పరుండి నాలుగింటికే లేచుచున్నారు. చాలుట లేదని సణుగుదురు. కాని గోడ పట్టుకొనకయే పెరటిలోనికి నడచి, తులసికి నీరు పోయుచున్నారు.