పాత బండీ... అత్తగారి పీటా

కొత్త చీర కొంటే ఫాల్ ఖర్చు ఎలా తప్పదో, పాత బండి కొంటే పైఖర్చు అలా తప్పదు. ఈ ముక్క 2023 ఆగస్టులో నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినేదాన్ని కాదేమోలెండి. ఆ నెల మా ఇంట్లో ఎవరి కాళ్ళూ నేలమీద నిలవలేదు మరి!

మాది బి.కొత్తకోట దగ్గర పల్లె. రెండెకరాల్లో టమోటా పెడతాం. ఆ ఏడు జులైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో నూటయాభై దాటిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మీరంతా టమోటా లేకుండా చారు పెట్టడం ఎలాగా అని తలలు పట్టుకున్న రోజులవి. మేమేమో దిష్టి తగులుతుందని పక్కింటివాళ్ళకు కూడా లెక్క చెప్పకుండా గుట్టుగా ఉన్నాం. కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళెన్నో! వాటన్నిటికీ కలిపి దేవుడు ఒకేసారి లెక్క కట్టి ఇచ్చాడనుకున్నాం. అప్పులు తీరాయి. చేతిలో ఆరు లక్షల చిల్లర మిగిలింది.

"కారు కొందాం" అన్నారు మావారు.

నిజానికి కారు అవసరమే. మా అత్తగారికి డెబ్బై దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆసుపత్రికని మదనపల్లెకు పోవాలంటే ఆమెను బస్సెక్కించడం నాకు పెద్ద యజ్ఞం. అయితే మావారి దృష్టిలో కారంటే చిన్న కారు కాదు, స్కార్పియో! 2002లో ఆ బండి వచ్చినప్పటి నుంచీ మా సీమలో దానికొక మర్యాద ఉంది. పెళ్ళికైనా, ఎలక్షన్లకైనా ముందు అదే నడవాలి. కొత్తది కొనాలంటే మా దగ్గరున్న డబ్బు సగానికి కూడా చాలదు. కాబట్టి పాతది చూడటం మొదలుపెట్టారు.

మా వైపు పాత బండి అనగానే అందరూ బెంగుళూరు దారి పడతారు. అక్కడ అరవై, డెబ్బై వేలు తక్కువకు వస్తుందని ఆశ. మా మరిది అలాగే తెచ్చుకుని, కర్ణాటక నుంచి ఎన్.ఓ.సి. తెచ్చి, మన రాష్ట్రంలో మళ్ళీ లైఫ్ టాక్సు కట్టి నంబరు మార్పించుకునేసరికి ఆ మిగులంతా హరించుకుపోయింది. అక్కడ కట్టిన పన్నులో కొంత వాపసు అడగొచ్చట గానీ, దానికోసం ఎన్నిసార్లు తిరగాలో! ఆ కథ విన్నాక, ఏపీ 03 నంబరున్న 2014 మోడల్ బండి తిరుపతిలో ఉందంటే దానికే మొగ్గాం. ధర అయిదు లక్షల అరవై వేలు.

చూడటానికి నేనూ వస్తానన్నాను. "నువ్వొచ్చి ఏం చూస్తావు, రంగా?" అన్నారు. సరేలే అని ఊరుకున్నా, ఆర్.సి. ఫోటో మాత్రం తెప్పించుకుని చూశాను. కింద చిన్న అక్షరాల్లో బ్యాంకు పేరుంది. అంటే పాత యజమాని అప్పు బండి మీద ఇంకా రాసి ఉందన్నమాట. "అప్పు తీరిపోయిందమ్మా, పేరు తీయించలేదంతే" అని అమ్మేవాళ్ళు చెప్పారు. తీరి ఉండొచ్చు. కానీ బ్యాంకు ఇచ్చే ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికొచ్చి, మా పేరుతో ఆర్.సి. వచ్చేదాకా యాభై వేలు ఆపమని పట్టుబట్టాను. మూడు వారాల్లో అన్నీ వచ్చాయి. ఆ యాభై వేలు మా దగ్గర ఉండబట్టే వచ్చాయని నా నమ్మకం! ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోపు మన పేరుకు మార్పించుకోవాలి. వాళ్ళు క్లెయిము చేయనందుకు వచ్చే తగ్గింపు వాళ్ళతోనే పోతుంది, మనకు రాదు.

బండి ఇంటికొచ్చింది. నిమ్మకాయలు తొక్కించాం, హారతిచ్చాం. మొదట అత్తగారినే ఎక్కిద్దామని తలుపు తీస్తే, ఆమె కింద నిలబడి పైకి చూసింది.

"ఇది బండా, మిద్దా? నేనెట్ల ఎక్కేదిరా నాయనా?"

ఎవరికోసం కొన్నామో ఆవిడే ఎక్కలేకపోయింది. ఇంత డబ్బు పోసేముందు మాలో ఒక్కరికీ ఆ ఎత్తు తట్టలేదు. నేను లోపలికెళ్ళి, ఉగ్గాణికి ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు కూర్చునే చెక్కపీట తెచ్చి వేశాను. పీట మీద ఒక కాలు, నా భుజం మీద ఒక చెయ్యి, ఎలాగో ఎక్కింది. అప్పటినుంచీ ఆ పీట బండిలోనే కాపురం.

మర్నాడు బండి కడుగుతూ డ్రైవరు తలుపు లోపలి అంచు తుడిచాను. ఆయిల్ మార్చినప్పుడు అంటించే చిన్న చీటీ బయటపడింది. సిరా వెలిసిపోయినా అంకెలు తెలుస్తున్నాయి. మళ్ళీ ఆయిల్ మార్చాల్సింది 1,20,000 కిలోమీటర్లకు అని ఉంది. మీటరు చూస్తే 78,000! గుండె గుభేలుమంది. బ్రేకు పెడలు మీద రబ్బరు చూస్తే పాత రుబ్బురోలులా నున్నగా ఉంది. వంకాయ కొంటేనే తిప్పితిప్పి, తొడిమ చూసి కొంటామే, ఇవన్నీ కొనకముందు చూడాల్సినవి కావూ? మావారికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎవరితోనూ అనబాకు" అన్నారు. తిరుపతికి ఫోను చేస్తే, వాళ్ళకూ అలాగే వచ్చిందన్నారు.

మా ఊరి మెకానిక్ పిల్లవాడు టైరు పక్కన వేలు పెట్టి చూపించాడు. "అక్కా, ఈ నాలుగంకెలు చూడు. 3215. అంటే 2015లో ముప్పైరెండో వారంలో చేసిన టైరు." పైన గాళ్ళు బాగానే ఉన్నాయి, పక్కన మాత్రం ఎండిన చెరువులా సన్నటి పగుళ్ళు. నాలుగూ మార్చాల్సిందే, నలభై వేలు. క్లచ్చి పద్దెనిమిది. ముందు చక్రాల దగ్గర రబ్బరు బుష్షులు తొమ్మిది. బండి తప్పేమీ లేదు పాపం. చూసుకోనివాళ్ళ చేతిలో తొమ్మిదేళ్ళు నలిగి వచ్చింది.

ఈలోగా టమోటా ఏమైందంటారా? సెప్టెంబరుకంతా కిలో పది రూపాయల దగ్గరకు దిగిపోయింది. టమోటా డబ్బుతో కొన్న బండికి నా గాజులు కుదువ పెట్టి టైర్లు వేయించాం. పాల లెక్క రాసే నోటుబుక్కులోనే వెనకనుంచి బండి లెక్క మొదలుపెట్టాను. డీజిలు లీటరుకు పదకొండు, పన్నెండు కిలోమీటర్లు వస్తోంది. ఆ అంకె చూసినప్పటినుంచీ మావారు బండి బయటికి తీయడమే మానేశారు. "ఇంటి ముందర ఉందిగదా, అవసరానికి పనికొస్తుంది" అనేవారు.

2024 ఫిబ్రవరిలో ఆ అవసరం వచ్చింది. రాత్రి రెండుగంటలప్పుడు అత్తగారు లేచి కూర్చుని, గుండెల మీద చెయ్యి పెట్టుకుని "ఏమే, ఊపిరాడలేదే" అంది. ఒళ్ళంతా చెమట. మావారు పరుగున పోయి తాళం తిప్పారు. టక్, టక్. అంతే. లైటు కూడా గుడ్డిగా వెలిగింది. పన్నెండు రోజులుగా కదలని బండి! ఇరుగుపొరుగు నలుగురొచ్చి తోశారు. అది చిన్న కారా తోస్తే పోవడానికి? ఏనుగులా నిలబడింది. నేను 108కి ఫోను చేశాను. వాళ్ళు వచ్చేదాకా ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, వాకిట్లో మెరుస్తున్న ఆ బండినే చూస్తూ కూర్చున్నాను. అంత కోపం నాకు మనుషుల మీద కూడా ఎప్పుడూ రాలేదు.

దేవుడి దయవల్ల మదనపల్లెకు సమయానికి చేరాం. తర్వాత తిరుపతి తీసుకెళ్తే స్టెంటు వేశారు. అత్తగారు దక్కింది.

బండికేమైందో తర్వాత తెలిసింది. పాత యజమాని తగిలించిన పాటల పెట్టె వైరు, తాళం తీసేసినా కరెంటు తాగుతూనే ఉందట. బ్యాటరీ కూడా ముసలిదే. వైరు తీయించి, ఏడున్నర వేలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించాం. "ఊరికే స్టార్టు చేసి ఆపితే చాలదక్కా. మూడు నాలుగు రోజులకోసారి అరగంటన్నా తిప్పాల" అన్నాడు మెకానిక్.

మావారు పొద్దున్నే తోటకు పోతే చీకటికి వస్తారు. మరి తిప్పేదెవరు? నలభైనాలుగేళ్ళ వయసులో నేను మదనపల్లెలో డ్రైవింగు నేర్చుకున్నాను. ముందు వాళ్ళ చిన్న కారు మీద, లైసెన్సు వచ్చాక మా మరిది పక్కన కూర్చుంటే ఈ బండి మీద. మొదట్లో మా గోడ కొంచెం గీరుకుంది. అది కూడా నోటుబుక్కులో రాశాను. సున్నం, రెండువందలు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు అంగళ్ళు దాకా పోయి వస్తాను. కూరగాయలు, పాప పుస్తకాలు, అత్తగారి మాత్రలు, అన్నీ అప్పుడే. మొన్న మావారు "అమ్మేద్దామా" అంటే నోటుబుక్కు ముందు పెట్టాను. మొదటి ఏడాది ఇన్సూరెన్సుతో కలిపి తొంభైఒక్క వేలు. రెండో ఏడాది ఇరవైరెండు. మనం ఖర్చు పెట్టాక ఇంకెవరో సుఖపడటం దేనికి? ఆయన ఇంకేం మాట్లాడలేదు. గాజులు మాత్రం ఇంకా ఒక జత విడిపించాల్సి ఉంది.

పోయిన ఆదివారం అత్తగారు హార్సిలీ హిల్స్ చూస్తానంది. కొండ కింద యాభై ఏళ్ళు కాపురం చేసి ఒక్కసారీ పైకెక్కలేదట! మావారూ, పిల్లలూ వెనక ఎదురెదురు సీట్లలో కూర్చున్నారు. మలుపుల్లో అడ్డంగా కూర్చుంటే కడుపులో తిప్పుతుందని తలా ఒక నిమ్మకాయ ఇచ్చాను. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టకుండా రెండో గేరులో మెల్లగా దింపాను. ఘాటులో బ్రేకు నొక్కుతూనే ఉంటే కాగిపోయి పట్టదు.

పైన కొండ అంచున మా ఊరి వైపు చెయ్యి చూపిస్తూ ఆమె చాలాసేపు నిలబడింది. పొద్దు వాలుతోంటే, పోదామా అత్తా అన్నాను. ముందు సీటెక్కి, కొంగు సర్దుకుని, నేను తాళం తిప్పబోతుండగా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమే, పీట లోపల పెట్టినావా?"