అమ్మ పుట్టినరోజు జనవరి ఒకటి



ఇక్కడ అందరూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాల గురించి రాస్తుంటారు. మేం ఇంటి సంగతి రాస్తున్నాం. కాస్త పొడవైంది, ఓపిక చేసుకోండి. మేం అంటే ఒకే హాస్టల్లో ఒకే రూములో ఉండే ఇద్దరం, అక్కాచెల్లెళ్ళ బిడ్డలం. ఒక ఇంట్లోనే పెరిగాం కాబట్టి ఎవరి అమ్మ, ఎవరి అక్క అని విడదీసి రాయట్లేదు.

మాది పాడేరు దాటి ఇంకా లోపలికి, కువి మాట్లాడే ఊరు. డిగ్రీ దాకా వచ్చింది మా ఇంట్లో మేమే మొదలు. అక్క ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ చదివి, విశాఖలో రెండేళ్ళు ఆసుపత్రి పని చేసి, తర్వాత బెంగళూరులో జపాన్ భాష నేర్చుకుంది. 2021 జనవరిలో మన దేశానికీ జపాన్‌కీ ఒక ఒప్పందం జరిగింది, స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అని. భాష పరీక్షా, పని పరీక్షా పాసైతే ముసలివాళ్ళను చూసుకునే పని లాంటివాటికి వెళ్ళి ఐదేళ్ళు ఉండొచ్చు. ఆ వీసా మీద భార్యనో భర్తనో తీసుకెళ్ళడానికి లేదు. అక్కకి ఆ ఇబ్బంది రాలేదు. బావ కూడా అదే క్లాసులో కూర్చుని, అదే పరీక్ష రాసి వెళ్ళినవాడే. సీతంపేట వైపు సవర అబ్బాయి. ఇద్దరూ ఇప్పుడు నాగానోలో ఉంటున్నారు. 1998లో శీతాకాలం ఒలింపిక్స్ జరిగిన ఊరు, చుట్టూ కొండలే. పుట్టబోయే బిడ్డకి అమ్మ వైపు కువి, నాన్న వైపు సవర, ఇంట్లో తెలుగు, వీధిలో జపనీస్. మాకు ఇంగ్లీషు ఒక్కటే ఇంకా ఒంటబట్టలేదు, ఆ బిడ్డ సంగతి ఏమవుతుందో.

అక్క నీళ్ళోసుకుందని సెప్టెంబరులో తెలిసింది. సంతోషం సగం, భయం సగం. పంపిన ఏజెంటు ముందే చెప్పాడట, అక్కడికెళ్ళి కడుపు తెచ్చుకుంటే తిరుగు టికెట్టే అని. అందుకని అక్క పని చేసే చోట రెండు నెలలు చెప్పలేదు. మంచం మీది పెద్దవాళ్ళని ఎత్తి కూర్చోబెట్టడం, స్నానాలు చేయించడం, రాత్రి డ్యూటీలు అన్నీ అలాగే చేసింది. మా ఫీజులూ, ఇంటి మీద రేకులూ అన్నీ ఆ డబ్బులే కదా. మాకు ఆ రెండు నెలలూ హాస్టల్ అన్నం గొంతు దిగలేదు అంటే అబద్ధం. తిన్నాం. కానీ ఫోన్ పే మోగినప్పుడల్లా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

చివరికి మున్సిపల్ ఆఫీసులో గర్భం నమోదు చేయించడానికి వెళ్తే, అక్కడ కూర్చున్నావిడ అడిగి మరీ చెప్పిందట: గర్భం వచ్చిందని పని నుంచి తీసేయడం ఇక్కడ చట్టానికి విరుద్ధం, పరాయి దేశం వాళ్ళకి కూడా అదే చట్టం, రాత్రి పని వద్దని అడగొచ్చు, కాన్పుకి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు సెలవు ఉంటుంది. ఇన్సూరెన్సు నుంచి కాన్పు ఖర్చులకి 5 లక్షల యెన్లు కూడా వస్తాయి. మర్నాడే అక్క వెళ్ళి చెప్పేసింది. వాళ్ళు కోప్పడలేదు, ఎత్తే పనులూ రాత్రి డ్యూటీలూ తీసేశారు. ఏజెంటు మాట నమ్మి రెండు నెలలు నడుం విరగ్గొట్టుకుంది. బయట దేశాలకి వెళ్ళాలనుకునే వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, వీసా గురించి ఏజెంటుని అడగండి గానీ హక్కుల గురించి అడగొద్దు.

ఆ ఆఫీసులోనే ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. బోషి టెచో అంటారు, తల్లీబిడ్డల పుస్తకం. యుద్ధం రోజుల్లో 1942లో గర్భిణుల కోసం మొదలుపెట్టి, 1948 నుంచి బిడ్డని కూడా కలిపారట. బీపీ, బరువు, బిడ్డ ఎదుగుదల, తర్వాత టీకాలు, పళ్ళు, అన్నీ అందులోనే. అక్క వీడియోలో చూపిస్తే అమ్మ, "మన అంగన్‌వాడీ కార్డే కదా, అట్ట మంచిదేశారు" అంది. ఒక్కదానికి మాత్రం జడిసింది. అక్కడ గర్భాన్ని నాలుగేసి వారాల నెలలుగా లెక్కపెడతారు, కాబట్టి మొత్తం పది నెలలు అవుతాయి. "పది నెలలేటే, మనిషివా ఏనుగువా" అని అమ్మ రెండు రోజులు ఊరంతా అడిగి తిరిగింది.

ఇక డిసెంబరు 31. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ అర్ధరాత్రి పన్నెండంటే మా హాస్టల్లో ఎనిమిదిన్నర. జపాన్ వాళ్ళు 1873 నుంచీ జనవరి ఒకటే కొత్త సంవత్సరంగా చేసుకుంటున్నారు, అదే వాళ్ళకి పెద్ద పండుగ. మనలా కేకూ టపాసులూ కాదు, అందరూ సొంతూళ్ళకి పోతారు, ఇల్లు దులుపుతారు, రాత్రికి సోబా తింటారు. సోబా అంటే ఒకరకం గింజల పిండితో చేసే సేమ్యా లాంటిది. నాగానో దానికి పేరున్న చోటు. మామూలు మున్సిపల్ ఆఫీసులూ, చాలా క్లినిక్కులూ డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా మూసేస్తారు.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అక్క మెసేజ్ పెట్టింది. కడుపు రాయిలా బిగుస్తోంది, గంటలో మూడుసార్లు అయింది, అమ్మకి చెప్పకండి అని.

అమ్మకి ఎందుకు చెప్పొద్దో మీకు చెప్పాలి. అక్క తర్వాత, మాకంటే ముందు, ఒక అబ్బాయి. ఇదే చలికాలం, తెల్లారుజామున నొప్పులొస్తే డోలీ కట్టి దించారు. రోడ్డు దాకా ఏడు కిలోమీటర్లు, మధ్యలో గెడ్డ. గెడ్డ దాటకముందే పుట్టాడు, ఏడవలేదు. అమ్మ ఆ డోలీలోనే వెనక్కి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి అమ్మ నోటితో మేం రెండుసార్లే విన్నాం. ఒకసారి బైక్ అంబులెన్సు మా ఊరికి మొదటిసారి వచ్చిన రోజు, ఇంకోసారి అక్క కడుపుతో ఉందని తెలిసిన రోజు.

మేం ఏం చేయగలం? క్లినిక్కు మూసి ఉంది, బయట మంచు, బావ డ్యూటీలో ఉన్నాడు. "ఆ పుస్తకం తీసి చూడు, ఏదో ఒక నంబరు ఉంటుంది కదా" అని టైపు చేశాం. అట్ట మీదే ఉందట, కాన్పుకి పేరు రాయించుకున్న పెద్దాసుపత్రి నంబరు. అక్క తనకొచ్చిన భాషతోనే ఫోన్ చేసింది. అవతల ఒక మంత్రసాని, అంటే చదువుకున్న మంత్రసాని, నిదానంగా అడిగిందట: రక్తం కనిపించిందా, నీళ్ళు పోయాయా, బిడ్డ కదులుతోందా, రోజంతా నిలబడ్డావా. ఎడమ పక్కకి తిరిగి పడుకో, నీళ్ళు తాగు, ఒక గంట చూడు, తగ్గకపోతే సెలవని చూడకుండా వచ్చెయ్, మేం ఉంటాం అంది. అక్క పండుగని రెండు రోజులుగా ఇల్లు దులిపింది, కిటికీలు తుడిచింది. జపాన్ వాళ్ళ పండుగని వాళ్ళకంటే ఎక్కువ చేసింది అన్నమాట.

ఆ గంట మాకు చాలా పెద్దది. మెస్‌లో ఆ రోజు స్పెషల్ అని కోడిగుడ్డు కూర. ప్లేట్లు ముందర పెట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాం. ఐదున్నర దాటాక వచ్చింది మెసేజ్: తగ్గింది, ఒక్కసారే వచ్చింది, లోపల తన్నుతోంది.

ఎనిమిదింపావుకి వీడియో కాల్. వాళ్ళ ఊళ్ళో జెంకోజి అని పెద్ద గుడి ఉంది, ఆ రాత్రి వేలమంది వెళ్తారు. వీళ్ళు వెళ్ళలేదు. టీవీలో పదకొండుముప్పావు నుంచి దేశంలోని గుళ్ళని ఒక్కొక్కటే చూపిస్తారు. పాత ఏడాది వదలడానికి 108 గంటలు కొడతారు. ఫోన్‌లోంచి ఆ గంట వినపడగానే రూము నిశ్శబ్దం అయింది. వార్డెన్ మేడమ్ అటెండెన్సుకి వచ్చి, ఎవరిది సినిమా అని అడిగి, సంగతి తెలిశాక ఆవిడ కూడా తలుపు దగ్గర నిలబడి రెండు గంటలు విని వెళ్ళింది. బావ సోబా గిన్నె కెమెరాకి చూపించాడు. మా కొత్త సంవత్సరానికి ఇంకా మూడున్నర గంటలుంది, మేం అప్పుడే నిద్రపోయాం.

మర్నాడు పొద్దున అమ్మ సిగ్నల్ ఉండే బండ ఎక్కి ఫోన్ చేసింది. కాల్‌లో ముగ్గురం. అక్క నవ్వుతూనే మాట్లాడింది. అమ్మ మధ్యలో ఆపి, "ఏటయింది, మొహం అలగుంది" అంది. అక్క చెప్పేసింది. మేం ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, గాలి చప్పుడే. తర్వాత, "ఫోన్ చేస్తే ఎత్తారా?" అని అడిగింది. ఎత్తారు అంది అక్క. "పండగ పూట?" పండగ పూటే. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, చోడి అంబలి తాగుతున్నావా లేదా అని వేరే సంగతిలోకి వెళ్ళిపోయింది. చోళ్ళు అక్కడెక్కడ దొరుకుతాయి!

జనవరి ఒకటి అమ్మ పుట్టినరోజు కూడా. ఆధార్‌లో 01-01-1980. నాన్నదీ జనవరి ఒకటే, మామదీ ఒకటే, మా వీధిలో సగం మందిదీ ఒకటే. మీ ఇళ్ళల్లోనూ అంతే కదా. పుట్టిన తేదీ తెలియకపోతే అదే కొట్టేశారు. అక్క మూడో తేదీ డ్యూటీకి వెళ్ళినప్పుడు, పండుగ భోజనం దగ్గర ఇది నవ్వుకోవడానికి చెప్పిందట. తొంభై దాటిన ఒక బామ్మ నవ్వలేదు. మా చిన్నప్పుడు మాకూ అంతే, పుట్టగానే ఒక ఏడు, ఆపైన కొత్త సంవత్సరం రాగానే ఊరంతటికీ ఒక్కసారే ఒక ఏడు పెరిగేది, 1950లో చట్టం వచ్చాక గానీ పుట్టినరోజు లెక్క రాలేదు అందట. మన ఆధార్ వాళ్ళు తెలియక జపాన్ పాత పద్ధతి పెట్టారన్నమాట.

అదే బామ్మ ఇంకో మాట కూడా అడిగింది, ఆడపిల్లా మగపిల్లాడా అని. మన ప్రభవ, విభవ లాగే వాళ్ళకీ 60 ఏళ్ళ చక్రం ఉంది. అందులో 2026 నిప్పు గుర్రం ఏడాది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని పాత నమ్మకం. పోయినసారి, 1966లో, ఆ భయానికి పుట్టిన పిల్లలు ముందటేడు 18 లక్షల పైన ఉన్నవాళ్ళు 13 లక్షల 60 వేలకి పడిపోయారు. అంత చదువుకున్న దేశంలో! అక్క భయపడుతూనే తెలీదని చెప్పింది. బామ్మ తన పళ్ళెంలోంచి చేపగుడ్ల ముక్క తీసి అక్క పళ్ళెంలో పెట్టిందట. పిల్లాపాపలు కలగాలని ఆ పండక్కి అది తింటారు. నా కూతురు గుర్రం ఏడాదిలోనే పుట్టింది, నన్ను ఇక్కడ చూడ్డానికి వచ్చేది అదొక్కతే అందట.

డాక్టరు మే మొదటి వారం అని రాశారు. పుట్టాక 14 రోజుల్లో అక్కడి ఆఫీసులో, ఏడాది లోపల మన ఎంబసీలో నమోదు చేయించాలి, అవన్నీ బావ చూసుకుంటాడు. మా పని అమ్మని పంపడం. బంధువుల్ని చూసే వీసా 90 రోజుల వరకు ఇస్తారు. అమ్మ ముందు రానంది, ఆ ఫోన్ తర్వాత తనే అడుగుతోంది, విమానంలో పసుపు కొమ్ములు పట్టుకెళ్ళనిస్తారా అని. పాస్‌పోర్టుకి కాగితాలు పోగేస్తున్నాం. ఆధార్‌లో 1980, ఓటరు కార్డులో వయసు లెక్కేస్తే 1975. రెండూ ఒకటి చేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇలా సరిచేయించి పాస్‌పోర్టు తీసినవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే, ముందు ఏ ఆఫీసుకి వెళ్ళాలో చెప్పండి. ఏప్రిల్ లోపు చేతికి రావాలి.