గంగ ఇంటికి వచ్చిన తర్వాత

దయ్యాలకు చావు లేదంటారు పెద్దలు. వాళ్ళు చూసిన దయ్యాల సంగతి నాకు తెలియదు గాని, సినిమా దయ్యాల విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. ఒకసారి డబ్బులు కురిపించిన దయ్యం పదేళ్ళకో, ఇరవయ్యేళ్ళకో పేరు పక్కన 'రెండు' అనే అంకె తగిలించుకుని మళ్ళీ తలుపు తడుతుంది. 2023 సెప్టెంబరు 28న 'చంద్రముఖి 2' వచ్చింది. మొదటి 'చంద్రముఖి' వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. సినిమా బాగుందా, బాగాలేదా అన్న చర్చ మన క్యాంటీన్లో ఎలాగూ జరిగే ఉంటుంది. నాకు తోచిన సంగతి వేరు.

ముందు వంశవృక్షం చెబుతాను. 1993 డిసెంబరులో ఫాజిల్ మలయాళంలో 'మణిచిత్రతాళు' తీశాడు. అందులో గంగగా నటించిన శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 2004లో పి.వాసు అదే కథను కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీశారు. ఆ గంగ ఎవరో కాదు, మన సౌందర్య. సినిమా విడుదలయ్యే నాటికి ఆవిడ లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో వెళ్ళిపోయింది. 2005లో వాసుగారే తమిళంలో రజనీకాంత్, జ్యోతికలతో 'చంద్రముఖి' తీస్తే, అది డబ్బింగై మన దాకా వచ్చింది. నేను పుట్టిన సంవత్సరం అదే. 2007లో హిందీవాళ్ళు 'భూల్ భులయ్యా' అన్నారు.

ఈ కథలో ఒక తమాషా ఉంది. దయ్యం ఎప్పుడూ పొరుగువాళ్ళ భాషే మాట్లాడుతుంది! మలయాళంలో గంగకు 'పూనిన' నర్తకి తమిళం మాట్లాడుతుంది. కన్నడంలో, తమిళంలో అదే నర్తకి తెలుగు పిల్ల. మన డబ్బింగుకు వచ్చేసరికి ఆ పాట తమిళంలో పెట్టారు. హిందీలో బెంగాలీ. భార్య నోట తాను ఎన్నడూ వినని భాష వినగానే భర్త బిక్కచచ్చిపోతాడు. ఆలోచిస్తే మతి చలించిన మనిషి ఇంట్లోవాళ్ళకు కనిపించేది సరిగ్గా అలాగే గదా! మనిషి మనదే, మాట మాత్రం మనది కాదు.

అసలు ఆ మొదటి కథ గొప్పతనమేమిటి? బంగళా ఉంది, తాళం వేసిన గది ఉంది, అర్ధరాత్రి గజ్జెల చప్పుడు ఉంది. తీరా చూస్తే దయ్యమే లేదు! చిన్నతనంలో అమ్మానాన్నలకు దూరంగా, ఒంటరిగా పెరిగిన ఒక ఆడపిల్ల మనసు రెండుగా చీలింది. ఆ సంగతి కనిపెట్టినవాడు మంత్రగాడు కాదు, మానసిక వైద్యుడు. సైన్సు విద్యార్థిగా నాకు అభ్యంతరాలు లేకపోలేదు. ఒక్క రాత్రిలో బొమ్మను నరికించి జబ్బు నయం చేయడం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. పైగా 'చంద్రముఖి'లో ఆ గదికి కాపలాగా అంత లావు పామును ఎందుకు పెట్టారో వాసుగారికే తెలియాలి. అయినా సరే, చెన్నై శాంతి థియేటరులో రెండేళ్ళకు పైగా ఆడిన ఒక దయ్యం సినిమా లక్షలాది మందికి 'ఇది దయ్యం కాదర్రా, జబ్బు' అని చెప్పింది. అదేమన్నా చిన్న విషయమా?

మరి సీక్వెల్సు ఏం చేశాయి? 2010 డిసెంబరులో వెంకటేశ్, అనుష్కలతో మన తెలుగులోనే నేరుగా 'నాగవల్లి' తీశారు. అందులో నూరేళ్ళు దాటిన రాజుగారు ఇంకా బతికే ఉంటారు. 2022లో 'భూల్ భులయ్యా 2'లో దయ్యం నిజంగానే ఉంది. 'చంద్రముఖి 2'లోనూ అంతే. మొదటి సినిమా ఎంతో కష్టపడి ఇంట్లోంచి వెళ్ళగొట్టిన దయ్యాన్ని రెండో సినిమా పిలిచి పీట వేసింది. దయ్యం లేదని తేల్చిన తర్వాత కథ ఎలా నడుస్తుంది చెప్పండి? అందుకని డాక్టరు చెప్పిన మాటను పక్కన పెట్టారు. ఇక గంగ సంగతి అంటారా, ఆవిడతో ఎవరికీ పని లేకపోయింది.

మరో దారి లేదా అంటే ఉంది. 1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో' చివర కూడా ఒక మానసిక వైద్యుడు వచ్చి జరిగిందంతా విప్పి చెబుతాడు. ఇరవై మూడేళ్ళ తర్వాత, 1983లో, రిచర్డ్ ఫ్రాంక్లిన్ 'సైకో 2' తీశాడు. అదే నటుడు ఆంథొనీ పెర్కిన్స్, అదే ఇల్లు. కాని కథ మొదలయ్యేది ఇలా: నార్మన్‌కు నయమైందని చెప్పి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతారు. అతన్ని మళ్ళీ లోపలికి పంపాలని, నయమైన మనిషికి పనిగట్టుకుని పిచ్చెక్కించాలని చూసేవాళ్ళు బయలుదేరుతారు. చివరికి అదీ హత్యల్లోనే పడింది, కాదనను. కాని 'నయమైనవాణ్ణి మనం బతకనిస్తామా?' అని ఒక దయ్యం సినిమా అడిగిందంటే మెచ్చుకోవలసిందే.

ఆ ప్రశ్న నాకెందుకు పట్టిందో చెబుతాను. నేను ఏడో తరగతిలో ఉండగా మా చిన్నమ్మకు రెండో కాన్పు అయింది. పదిరోజులు తిరక్కుండానే నిద్ర మానేసింది. గోడతో మాట్లాడేది. పసిబిడ్డను చూసి, 'ఈ పిల్ల నాది కాదు, ఎవరో మార్చిండ్రు' అనేది. గాలి సోకిందన్నది మా నాయనమ్మ. మంత్రగాడు వచ్చాడు. వేపమండలు, మిరపకాయల పొగ, మేకపోతు, తాయెత్తు అన్నీ అయినయి. పత్తి అమ్మిన డబ్బులు అటే పోయినయి. మూడోసారి మంత్రగాణ్ణి పిలవబోతుంటే, పెద్దగా చదువుకోని మా నాయన ఒకే ఒక్క మాటన్నాడు: "ఆ టీవీల సినిమాల జ్యోతికను మంచిగ జేసింది ఎవరే అమ్మా? డాక్టరే గద?" మా నాయనమ్మ దగ్గర దానికి జవాబు లేదు. మర్నాడే చిన్నమ్మను పట్నం తీసుకుపోయిండ్రు. కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బేనట, మందులతో తగ్గుతుందట. నెలలు పట్టింది గాని, తగ్గింది.

తగ్గిన తర్వాతే అసలు కథ మొదలైంది. ఊళ్ళో చిన్నమ్మ పేరు 'చంద్రముఖి' అయింది. బారసాలకు పిలుస్తారు గాని, బిడ్డను చేతికియ్యరు. కాస్త గొంతు పెంచి మాట్లాడితే, 'మళ్ళీ మొదలైంది' అని చూపులు కలుపుకుంటారు. అందరికీ కోపం వస్తుంది, మా చిన్నమ్మకు మాత్రం రాకూడదు! ఇప్పుడు నాట్లకు ముందు నడిచేది ఆమే, పాల లెక్క రాసేది ఆమే. అయినా ఆ పేరు పోలేదు. డాక్టరు దగ్గరికి దారి చూపింది సినిమానే, మనిషికి ముద్ర వేసిందీ సినిమానే. ఏ చేత్తో దండం పెట్టాలో, ఏ చేత్తో తిట్టాలో మీరే చెప్పండి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగి ఫిల్మ్‌నగర్ వైపు నడిచానొక రోజు. ఫిలిం ఛాంబరు, రామానాయుడు స్టూడియో, దైవసన్నిధానం గుడి, ఎత్తైన ప్రహరీల వెనుక మేడలు. ఏ దయ్యాన్ని లేపాలో, ఏ దయ్యాన్ని పడుకోబెట్టాలో తేల్చే కథాచర్చలు ఆ గోడల వెనకే గదా జరిగేది! అక్కణ్ణుంచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కొద్ది కిలోమీటర్ల దూరమే. కాని మన సినిమాల్లో ఎర్రగడ్డ ఊరి పేరు కాదు, హాస్యనటుడి డైలాగు. ఆ మాటకు హాల్లో నవ్వు ఖాయం. ఆ నవ్వుకు భయపడి ఎంతమంది అటు బస్సెక్కకుండా మంత్రగాడి గడప తొక్కారో ఎవరు లెక్క పెట్టారు? నిమ్‌హాన్స్ వారి 2015-16 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రకరకాల జబ్బుల్లో నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. 2017 చట్టం మానసిక రోగులను గొలుసులతో కట్టడం నిషేధించింది. 2022 అక్టోబరు నుంచి 14416కి ఫోను చేస్తే ఉచితంగా సలహా చెప్పే టెలిమానస్ వచ్చింది. మా ఊరి గోడల మీద సినిమా పోస్టర్లు ఉన్నాయి గాని, ఆ నంబరు ఒక్క గోడ మీదా లేదు.

సీక్వెల్ వద్దని నేననను. కావాలంటాను. అయితే బంగళా తలుపులు మళ్ళీ తెరవక్కర్లేదు. గంగకు నయమైంది. మందుల సంచీ పట్టుకుని అత్తగారింటికి వచ్చింది. పొద్దున్నే లేచి వాకిలి ఊడుస్తుంటే పక్కింటావిడ తన పిల్లాణ్ణి లోపలికి లాక్కుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. దయ్యం కన్నా భయపెట్టే సన్నివేశాలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, గ్రాఫిక్సు ఖర్చు కూడా ఉండదు.

ఈ సంచిక చదివే సీనియర్లలో, పూర్వ విద్యార్థుల్లో ఎవరైనా ఫిల్మ్‌నగర్‌లో కుదురుకున్నవాళ్ళుంటే ఈ కథ ఉచితంగా తీసుకోవచ్చు. పేరు వెయ్యనక్కర్లేదు. ఆ సినిమా మా మండలం టాకీసు దాకా వస్తే చాలు, చిన్నమ్మకు టిక్కెట్టు నేను కొంటాను.