జుట్టు తనది, ఇబ్బంది నాది

స్నేహితురాలితో చీర బాగాలేదంటే సర్దుకుంటుంది. కూరలో ఉప్పెక్కువైందంటే నవ్వేస్తుంది. జుట్టు గురించో, చెమట వాసన గురించో ఒక్క మాట అని చూడండి, పదేళ్లైనా గుర్తుంటుంది. ఆ మాట నేరుగా మనిషికే తగులుతుంది మరి.

మా అపార్ట్‌మెంట్‌లో నాకు బాగా దగ్గరి స్నేహితురాలు ఒకామె ఉంది. ఇద్దరిదీ ఒకటే ఈడు, 52. పోయిన దసరా తర్వాత తను జుట్టుకు రంగు వేసుకోవడం మానేసింది. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి, నడుము దాకా జడ ఉన్న మనిషికి పాత రంగంతా పోవాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా పాపిట దగ్గర తెలుపు, కింద నలుపు. చూసినవాళ్ళంతా ఏదో ఒకటి అనేది సరిగ్గా ఇప్పుడే.

నాకూ ఇబ్బందిగానే ఉండేది. తన పక్కన నిలబడితే నా వయసూ బయటపడుతుంది కదా!

ఇంతలో వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు చెబితే అమ్మ వింటుంది. ఫోటోల కోసమైనా ఒక్కసారి రంగేసుకోమను" అంది. అత్తవారివైపు వాళ్ళు ఏమనుకుంటారోనని దాని బెంగ.

ఇలాంటప్పుడు నేను ఒకటే చూసుకుంటాను. ఎదుటివాళ్ళ అలవాటు నా ముక్కుకో, ఒంటికో తగులుతోందా, లేక నా కంటికి మాత్రమేనా? లిఫ్టులో ఊపిరాడనంత సెంటు కొట్టుకునే మనిషికి చెప్పాల్సిందే. ముక్కు అలవాటుపడి తన వాసన తనకే తెలియదు. అదైనా పక్కన ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి, "నాకు తలనొప్పి వస్తోంది, కాస్త తగ్గించవా" అనాలి. "అందరూ అంటున్నారు" అని మాత్రం అనకూడదు. అది విన్నాక ఆ మనిషి ఎవరి మొహం చూడగలదు? ఇబ్బంది కంటికే అయితే, అలవాటు పడాల్సింది నా కన్నే.

అందుకే వేసుకోమని చెప్పకుండా, ఎందుకు మానేశావని అడిగాను.

"దసరాకి వేసుకున్న మర్నాడు కనురెప్పలు వాచిపోయి కళ్ళు తెరుచుకోలేదు. మళ్ళీ ముట్టుకోవద్దన్నారు డాక్టరు. అమ్మాయి కంగారుపడుతుందని చెప్పలేదు."

జుట్టు రంగుల్లో చాలావాటిలో ఉండే పీపీడీ అనే పదార్థం కొందరికి పడదు. ఏళ్లుగా వాడుతున్నవాళ్ళకూ ఉన్నట్టుండి పడకపోవచ్చు. ఒకసారి అలా అయ్యాక మళ్ళీ వేసుకుంటే ఇంకా ఎక్కువ కావచ్చు. బ్లాక్ హెన్నా పేరుతో అమ్మే పొడుల్లోనూ అది ఉండొచ్చు, చూసుకోండి.

"నిజం చెప్పు, బాగాలేనా?" అంది.

"నా కంటికి ఇంకా అలవాటు కాలేదు. అవుతుందిలే" అన్నాను.

"నాకూ అంతే. అద్దంలో మా అమ్మ కనబడుతోంది" అని నవ్వేసింది.

కూతురికి తననే చెప్పమన్నాను. విన్న పిల్ల ఇక రంగు మాట ఎత్తలేదు. వైశాఖంలో పెళ్ళి. కొబ్బరినూనె రాసి, దగ్గరగా ముడి వేసి, రెండు మూరల మల్లెపూలు నేనే చుట్టాను. ఫోటోల్లో తన పక్కన నేనూ ఉన్నాను, రంగేసుకున్న జుట్టుతో. 52కి తక్కువగా ఇద్దరిలో ఎవరమూ కనబడటం లేదు.