ఆ గదిలో ఏముంది?

“జర కంట్రోల్ చేస్కోవాలె బావా.”

2020 ఏప్రిల్ మొదట్లో, వరంగల్‌లో ఒక ఆస్పత్రి మంచం పక్కన నిలబడి నేనన్న మాట ఇది. పోలీసు పాసు జేబులో, బత్తాయిల కవరు చేతిలో. బావ కళ్లు మూసుకున్నాడు. అలసట అనుకున్నాను.

బావంటే మా మేనత్త కొడుకు. మాది జనగామ, వాళ్లది మానుకోట. కాగితాల్లో మహబూబాబాద్ అని రాస్తారు గానీ ఇంట్లో ఎవరూ అట్లా అనరు. 2016లో జిల్లాలు విడగొట్టాక మావి వేర్వేరు జిల్లాలయ్యాయి. బావ పనిచేసే భూపాలపల్లి ఇంకో జిల్లా. అక్కడి బొగ్గు గని దగ్గర కాంట్రాక్టు కింద టిప్పర్ నడిపేవాడు. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా హన్మకొండకు బస్సు, కాజీపేటలో రైలు. అందుకే ఇంటికి నెలకోసారే. మామ చనిపోయినప్పుడు కూడా బావ వచ్చేసరికి దహనం అయిపోయింది.

అప్పటిదాకా జీతం రోజు మాత్రమే తాగేవాడు. తర్వాత రోజూ కల్లు. నలుగురు డ్రైవర్లు ఉండే రేకుల గది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు ఆ వేడిలో పడుకోవాలి. సరదాకు కాదు, నిద్ర పట్టడానికే తాగేవాడు.

జనగామ వైపు చిన్నప్పుడు నేను చూసిన కల్లు వేరు. తాటిచెట్టు కింద పదిమంది కూర్చుని ఆకులో పట్టుకుని తాగి, మాట్లాడుకుని లేచిపోయేవాళ్లు. దుకాణాల్లో సీసాల్లో అమ్మేదంతా అది కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ కాబట్టి చాలాచోట్ల నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం కలుపుతారు. అల్ప్రాజోలం ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు రాసే మందు. రోజూ ఒంట్లోకి పోయే ఆ మందును హఠాత్తుగా ఆపేస్తే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్. డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించాలి. లాక్‌డౌన్ అలా తగ్గించనివ్వదు కదా. ఆ మార్చి చివర్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు జనం బారులు తీరారు. మా బావకు ఫిట్స్ వచ్చాయి.

అది రసాయనం చేసిన పని, ఒప్పుకుంటాను. నన్ను తొలిచింది ఆ తర్వాతి సంగతి. ఆస్పత్రి నుంచి వచ్చాక బావ రెండు నెలలు మానుకోటలో ఉన్నాడు. ఒంట్లో మందు లేదు. పొలం పోయాడు, కొడుకుకు ఎక్కాలు నేర్పాడు, కల్లు ఊసెత్తలేదు. జూన్‌లో డ్యూటీకి పోయాడు. వారం తిరక్కముందే మొదలు.

“గా రూంల అడుగు వెట్టంగనే చేతులు వణికినయ్ బామ్మర్దీ. తాగాల్నని లేకుండె. కని కాళ్లే అటు పోయినయ్.”

“నేను సిగరెట్ మానెయ్యలేదా?” అన్నాను ఫోన్లో. ఇంట్లోంచి పనిచేస్తూ, అమ్మ చేతి వంట తింటూ, మూడు నెలలుగా సిగరెట్ ముట్టలేదన్న పొగరు అది.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల మీద లీ రాబిన్స్ చేసిన అధ్యయనం గురించి ఆ ఏడాదే చదివాను. అక్కడ హెరాయిన్ లాంటి మత్తుకు బానిసలమయ్యామని చెప్పినవాళ్లు నూటికి 20 మంది దాకా ఉన్నారు. 1971లో అమెరికా అంతా భయపడింది. తీరా చూస్తే, ఆ బానిసల్లో మొదటి ఏడాదిలో మళ్లీ దానికి బానిసైంది నూటికి 5 మంది దాకానే. అడవీ, భయమూ, ఎదురుచూపూ వెనకే ఉండిపోయాయి. 1970ల చివర్లో బ్రూస్ అలెగ్జాండర్ కెనడాలో ఎలుకలతో చేసిన ప్రయోగమూ ఇలాంటిదే. ఒంటరి పంజరంలోని ఎలుకలు మార్ఫిన్ నీళ్లు ఎక్కువ తాగాయి, తోడూ చోటూ ఉన్నవి తక్కువ తాగాయి. తర్వాత ఇతరులు చేస్తే ఫలితాలు అన్నిసార్లూ అట్లా రాలేదు, అందుకే నేను దాని మీద ఎక్కువ బరువు పెట్టను. సైనికుల లెక్క మాత్రం నన్ను వదల్లేదు. బావ కూడా ఇల్లు చేరిన సైనికుడే. మళ్లీ యుద్ధానికి పంపింది మేమే, ఈఎంఐ ఉంది కాబట్టి.

మన కథల్లో, సినిమాల్లో తాగుబోతుకు ఒక పెద్ద దుఃఖం కావాలి. 1953 నాటి ‘దేవదాసు’ నుంచి అదే వరస. రాత్రి డ్యూటీ, రేకుల కప్పు, తండ్రి దహనానికి అందని బస్సు మన ట్రాజెడీ లెక్కలోకి రావు.

2022లో ఆఫీసుకు రమ్మన్నారు. మొదటి రిలీజ్ రాత్రి, రెండు గంటలకు లిఫ్ట్ దిగి మాదాపూర్ టీకొట్టు దగ్గరకు పోయాను. చేతిలోకి సిగరెట్ ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు. ఏడాదిన్నర పైగా తలపుకైనా రానిది. కాళ్లే అటు పోయినయ్.

మరుసటి వారం బావతో మాట్లాడదామని భూపాలపల్లి పోయాను. ఆ గదిలో కూర్చున్నాను. కిటికీ లేదు. గోడకు కొడుకు ఫొటో. మధ్యాహ్నం రేకుల వేడికి అరగంటలో తల పగిలిపోయింది. కంట్రోల్ అన్న మాట మళ్లీ నోటికి రాలేదు.

ఇప్పుడు బావ మానుకోటలో ఆటో నడుపుతున్నాడు. సంపాదన సగమైంది. అప్పు తీరలేదు, అక్క మిషన్ కుడుతోంది. పాత కాంట్రాక్టరు ఇంకా ఫోన్ చేస్తూనే ఉంటాడట. రోజూ సాయంత్రం ఏడింటికి, అంటే ఒకప్పుడు డ్యూటీకి బయల్దేరే వేళకు, బావ నాకు ఫోన్ చేస్తాడు. పెద్దగా మాటలేమీ ఉండవు. వానలు, టమాటా ధర, కొడుకు మార్కులు.

మొన్న అడిగాడు, “నువ్వు బంద్ వెట్టినవా?”

నేను టీకొట్టు దగ్గరే ఉన్నాను. “లే బావా” అన్నాను.

“సరే, గాడికెళ్లి జర ఇవతలికి నడువు. నడుసుకుంట మాట్లాడు.”